అవ్వ మొక్కిన బరువు

హైదరాబాదు దవాఖానలో నన్ను కాంటా మీద నిలబెట్టిన రోజున మా అవ్వ నా వెనకే ఉంది. అవ్వ అంటే మా అమ్మే. మా దిక్కు కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తాం. నర్సు నూట ఇరవై ఒకటి అని చదివింది. వరండాలో కూర్చున్న వాళ్ళందరికీ వినపడాలన్నట్టు చదివింది. నాకు తల కొట్టేసినట్టయింది. అవ్వ మాత్రం ఆ అంకె విని కొంచెమైనా జంకకుండా, అక్కడికక్కడే చేతులు జోడించి సమ్మక్క తల్లికి మొక్కేసింది. నా బిడ్డ ఆపరేషనయ్యి తన కాళ్ళతో నడుచుకుంటూ ఈ గడప దాటితే నిలువెత్తు బంగారం ఇచ్చుకుంటానని.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ బంగారం నగల బంగారం కాదు, బెల్లం. సమ్మక్క సారలమ్మలకు బెల్లమే బంగారం. మొక్కు ఉన్న మనిషిని తరాజులో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క బెల్లం దిమ్మలు పేర్చి, సమంగా తూగినంత బెల్లాన్ని తల్లి కొలువుండే గద్దెల దగ్గర సమర్పిస్తారు. జాతర నెల వచ్చిందంటే మా జనగామలో బెల్లం దుకాణాల ముందు ఇనుప కమ్మీలు నిలబెట్టి పెద్ద తరాజులు వేలాడదీస్తారు. డప్పు కొడతారు. దారిన పోయేవాళ్ళంతా ఆగి, ఎవరు ఎంత తూగారో చూశాకే కదులుతారు. మామూలుగా చంటిపిల్లలకు మొక్కుతారు, లేదంటే జబ్బుపడి లేచిన బక్కప్రాణాలకు మొక్కుతారు. నూట ఇరవై ఒక్క కిలోల ఆడమనిషిని నడిబజారులో తరాజు ఎక్కిస్తానని మొక్కిన తల్లి మా అవ్వ ఒక్కతే అయి ఉంటుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆపరేషనుకు భయంతో పోవలసినదాన్ని, ఆవిడ మీద కోపంతో పోయాను.

నేను ఆడవాళ్ళ బట్టలు కుడతాను. ఊళ్ళో ఎంతోమంది కొలతలు నా నోటుపుస్తకంలో ఉన్నాయి. నా కొలత మాత్రం లేదు. టేపు నా నడుము చుట్టూ తిప్పుకునే ధైర్యం ఏనాడూ చేయలేదు. మిషను తొక్కుతుంటే నా పాదాలు నాకు కనపడేవి కావు. మోకాళ్ళు అరిగాయి, షుగరు మొదలైంది, రెండు మెట్లు ఎక్కితే ఆయాసం. జావలు తాగాను, జొన్నరొట్టెలు తిన్నాను, ఉపవాసాలున్నాను. పది కిలోలు తగ్గితే పన్నెండు కిలోలు వచ్చి కూర్చునేవి. నోరు కట్టుకుంటే సరిపోదా అని ఉచిత సలహా ఇచ్చిన ప్రతి ఆడదాని జాకెట్టూ ఒక అంగుళం బిగువుగా కుట్టి పంపాలనిపించేది. పంపలేదు. పని మీద గౌరవం కొద్దీ ఊరుకున్నాను.

డాక్టరు నాకూ మా ఆయనకూ బొమ్మ గీసి చెప్పాడు, సంచిలా ఉన్న పొట్టను చాలావరకు కోసి తీసేసి, మిగిలినదాన్ని జాకెట్టు చెయ్యిలా సన్నగా కుడతామని. అది వినగానే నా భయం సగం దిగిపోయింది. చేతులు కోసి కుట్టడం నాకు కొత్తా?

ఇంటికొచ్చాక తెలిసింది, కోయడం కుట్టడం వాళ్ళ పని, ఆ తర్వాతదంతా మన పని అని. మొదటి రెండు వారాలు నీళ్ళలాంటివే. మందు సీసా మూతకు బోర్లించిన చిన్న ప్లాస్టిక్ గిన్నె ఉంటుందే, అదే నా గ్లాసు, అదే నా కంచం. దాంట్లో పప్పుకట్టు పోసుకుని పావుగంట సేపు చప్పరించాలి. గుక్క వేశానా, ఛాతీలో మేకు దిగినట్టుండేది. మా దుకాణంలో నాతో పాటు మగ్గం పని చేసే ముస్లిం అక్క ఒకామె ఉంది, ఆపా అని పిలుస్తాను. నాకన్నా పదేళ్ళు పెద్దది, పక్క గల్లీలో ఉంటుంది. ఆమె తన ఫోనులో గంట పెట్టి, అది మోగినప్పుడల్లా ఇంటికొచ్చి మరీ ఒక గుటక తాగించి వెళ్ళేది. నర్సింహులపేటలో తమ్ముడి దగ్గర ఉండే అవ్వ నన్ను చూసుకోవడానికి వచ్చి, ఆ గిన్నెను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, కోడిపిల్ల కూడా ఇంతకన్నా ఎక్కువ తాగుతుందని గొణుక్కుంది.

మూడో వారం నుంచి మెత్తగా మెదిపినవి మొదలయ్యాయి. పెరుగు, పప్పు, ఉడికిన గుడ్డు. నాలుగు చెంచాలకు నిండిపోయేది. నిండటం అంటే ఏమిటో నలభై ఏళ్ళ వయసులో మొదటిసారి తెలుసుకున్నాను. అంతకుముందు కంచం ఖాళీ అయితే భోజనం అయినట్టు, గిన్నె ఖాళీ అయితే నేను లేచినట్టు. ఇప్పుడు కడుపే చెప్పేది, ఇక చాలు అని. దాని మాట వినడం నేర్చుకోవడానికి నాకు నెలలు పట్టింది.

నమలడం కూడా నేర్చుకున్నాను. నవ్వకండి. పప్పన్నం ఎవరైనా నములుతారా మనలో? ముద్ద చేసి, నోట్లో వేసి, మింగడమే. అన్నిటికన్నా కష్టం నీళ్ళది. తింటున్నప్పుడు నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట దాకా తాగకూడదు. మహబూబాబాద్ దిక్కు మిరపచేల మధ్య పుట్టిన మనిషిని నేను. పక్కన నీళ్ళ చెంబు లేకుండా కారం కూర ముందు కూర్చోవడమంటే మామూలు విషయమా? కారం తగ్గించాను. నెల తిరగకుండా వంకాయకు కూడా ఒక రుచి ఉంటుందని కనిపెట్టాను.

మూడో నెలకల్లా జాకెట్లకు పక్క కుట్లు లోపలికి వేసుకుంటూ పోయాను. వారానికో కుట్టు. ఒక్కో కుట్టు వేసినప్పుడల్లా లోలోపల ఈల వేయాలనిపించేది. నేల మీద కూర్చుని చెయ్యి ఊనకుండా లేచాను ఒకరోజు. లేచి, నమ్మకం కుదరక మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచాను. ఆపా సూది పక్కన పెట్టి, అటు చూసి ఇటు చూసి, నేనేమైనా పారేసుకున్నానా అని అడిగింది. పారేసుకున్నాను, ఇరవై కిలోలు పారేసుకున్నాను అన్నాను.

ఇంత సంబరంలో నేను చూడనిది ఆపా చూసింది. ఒకరోజు మెల్లగా నా చెవిలో వేసింది, మీ అమ్మ తినడం లేదని. నేను నాలుగు చెంచాలు తింటే అవ్వ నాలుగు ముద్దలు తింటోంది. నేను గిన్నె కింద పెట్టగానే ఆవిడ కంచంలో చెయ్యి కడిగేసుకుంటోంది. డెబ్బై ఏళ్ళ మనిషి, షుగరు గోళీలు మాత్రం తప్పకుండా వేసుకుంటోంది. నేను ఆ సంగతి నిలదీయకముందే, ఒక మధ్యాహ్నం దుకాణంలో గుండీలు ఏరుతూ ఏరుతూ పక్కకు ఒరిగిపోయింది. షుగరు పడిపోయి ఒళ్ళంతా చెమట, మాట తడబడింది. ఆపా పరుగున పోయి పంచదార తెచ్చి నోట్లో పోసింది. కాసేపటికి కళ్ళు తెరిచి, ఏమీ జరగనట్టు గుండీల కోసం వెతికింది.

నాకు కోపం ఎంత వచ్చిందో, భయం కూడా అంతే వచ్చింది. నేనేమో బతకడానికి తిండి తగ్గించుకున్నాను, నువ్వు చావడానికి తగ్గించుకున్నావా అని అరిచాను. అవ్వ తల వంచుకుని విన్నది. తర్వాత నెమ్మదిగా అంది.

"నీ కడుపు కోయించుకున్నవ్, సరే. నా కడుపు ఎట్ల నిండాలె బిడ్డా?"

ఆవిడ జీవితమంతా పిల్లల కంచాలు చూసి బతికిన మనిషి. మేం ఇంకొంచెం పెట్టమంటే ఆవిడకు పండగ. ఇప్పుడు ఆవిడ లెక్కలో నేను నిండు కంచం తిన్న రోజున తానూ తింటుంది. నేనా, నిండు కంచం ఈ జన్మలో తినలేను. ఈ ముడి విప్పకపోతే ఒకరోజు ఆ పంచదార అందే లోపలే మా అవ్వ నా చేతుల్లోంచి జారిపోతుంది. మరునాడు అవ్వ అలిగి నర్సింహులపేట బస్సెక్కింది. తమ్ముడికి ఫోను చేసి, ఆవిడ కంచం మీద ఒక కన్నేసి ఉంచమని చెప్పాను. ఉంచాడు, కానీ ఆవిడ వాడి కన్నుగప్పి పిల్లికి పెట్టేది.

కార్తీకంలో భూపాలపల్లి అక్క కొత్తిల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకుంది. బావ బొగ్గు బావిలో పనిచేస్తాడు. అవ్వను వెంట తీసుకుపోదామని నేనే నర్సింహులపేట పోయాను. ఆ బస్సు సంగతి చెప్పకుండా ఉండలేను. ముగ్గురు కూర్చునే సీటు అది. ఒకప్పుడు నేను కూర్చుంటే రెండో మనిషి అంచున వేలాడేది, మూడో మనిషి నా మొహం చూసి నిలబడే ఉండేది. ఆ రోజు ఒకావిడ చంకలో పిల్లనేసుకుని వచ్చి, అక్కా జర జరుగు అని, మామూలుగా, ఏ ఆలోచనా లేకుండా నా పక్కన కూలబడింది. దిగేదాకా నేను నవ్వుతూనే ఉన్నాను. ఆవిడకు నా మీద అనుమానం వచ్చినట్టుంది, పిల్లను అటువైపు మార్చుకుంది.

అవ్వ మాత్రం నన్ను చూసి ఏడ్చింది. నా బిడ్డ సగమైపోయింది అని కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పటికి నా జుట్టు కూడా పిడికిళ్ళతో రాలుతోంది, మొహం పీక్కుపోయి ఉంది. ఇది కొన్నాళ్ళే ఉంటుందని డాక్టరు ముందే చెప్పాడని, గోళీలు వేసుకుంటున్నానని ఎంత చెప్పినా వినలేదు. ఆవిడ మెడ ఎముకలు కూడా బయటపడి ఉన్నాయి. ఒకరి ఎముకలు చూసి ఒకరం ఏడ్చుకుని భూపాలపల్లి చేరాం.

అక్క ఇంట్లో బగారన్నం, మేకను కోసి వండిన యాటకూర. చుట్టాలంతా నన్ను ఎగాదిగా చూశారు. లావుగా ఉన్నప్పుడు ఏం తింటున్నవే అని అడిగిన వాళ్ళే, ఇప్పుడు ఏం రోగమొచ్చిందే అని అడిగారు. నేను జవాబులు చెప్పగలను, నా నోరు అందరికీ తెలుసు. కానీ ఒక్కో ప్రశ్నకూ అవ్వ మొహం ఒక్కో మెట్టు కిందికి దిగిపోవడం చూసి మాట తప్పించేశాను. ఆవిడ కంచం ముందు పెట్టుకుని చెయ్యి పెట్టకుండా కూర్చుంది. పొద్దున్నే గోళీ వేసుకుందని నాకు తెలుసు.

అప్పుడు చేశాను ఆ తెలివితక్కువ పని. ఆవిడ పక్కన కూర్చుని, నేనొక కంచం తింటాను, నువ్వూ ఒక కంచం తింటావా అని బేరం పెట్టాను. అవ్వ కళ్ళు వెలిగిపోయాయి. గబగబా కలిపి తినసాగింది. నేను ఒక గరిటెడు బగారన్నం పెట్టించుకున్నాను, పైన నాలుగు ముక్కలు. ఐదో ముద్ద దగ్గర కడుపు ఆపమంది. అవ్వ నా కంచం వైపే చూస్తోంది. ఆరో ముద్ద మింగాను. ఏడు మింగాను. కారానికి తట్టుకోలేక ఒక గ్లాసు నీళ్ళు కూడా గటగటా తాగాను. ఐదు నిమిషాలు కాలేదు, ఛాతీ బిగుసుకుపోయింది, నోట్లో నురగ ఊరింది, చల్లటి చెమటలు పట్టాయి. అక్క కొత్త ఇంటి పెరట్లో కూర్చుని పేగులు బయటికొచ్చేలా కక్కాను. నా తల పట్టుకున్న చేతులు అవ్వవే.

నేను ఇంతకుమించి తినలేనని ఇప్పుడైనా ఆవిడకు అర్థమవుతుందని ఆశపడ్డాను. ఆవిడకు అర్థమైంది వేరే. మొక్కు తీర్చలేదు కాబట్టే తల్లికి కోపం వచ్చిందనుకుంది. మాఘంలో జాతర పడగానే బంగారం తూచాల్సిందేనని పట్టుబట్టింది. ఇంకో మాట కూడా అంది. నడిబజారులో తరాజు ఎక్కడం నీకు నామోషీ అయితే వద్దులే, దవాఖాన కాగితంలో రాసినంత బెల్లం నేనే పోసుకుంటానని. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఎక్కుతాను, అందరి ముందే ఎక్కుతాను అన్నాను.

మాఘం వచ్చేసరికి నేను డెబ్బై తొమ్మిది. జుట్టు మళ్ళీ మొలుస్తోంది, నుదుటి మీద కొత్త వెంట్రుకలు నిక్కపొడుచుకుని నిలబడ్డాయి. నా షుగరు గోళీలు డాక్టరు మాన్పించాడు. పాత జాకెట్లలో కుట్టు వేయడానికి చోటు లేక, అన్నీ విప్పి కొత్తగా కత్తిరించాను. మొట్టమొదటిసారి నా కొలత నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. తరాజు ఎక్కే రోజున పసుపుపచ్చ చీర కట్టుకున్నాను. మా ఆయన, ఆపా, భూపాలపల్లి నుంచి అక్క, నర్సింహులపేట నుంచి అవ్వ, అందరం బెల్లం దుకాణం ముందుకు చేరాం. డప్పు మోగింది. జనం ఆగారు.

తరాజు పలక మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. దుకాణదారు అటువైపు దిమ్మలు పెట్టడం మొదలుపెట్టాడు. ఒక్కోటీ దాదాపు పది కిలోలు. నాలుగు, ఐదు, ఆరు. ఏడో దిమ్మ పెట్టాక నా పలక కదిలింది. ఎనిమిదోది కొంచెం చిన్నది ఏరి పెట్టాడు. నా పలక నేలను వదిలి గాలిలోకి లేచింది. నా ఒళ్ళు నేల విడిచి ఎప్పుడు లేచిందో నాకు గుర్తు లేదు, చిన్నప్పుడు మా బాపు, అంటే నాన్న, ఎత్తుకున్నప్పుడేనేమో. చూసేవాళ్ళు చూడనీ అని రెండు చేతులూ గొలుసులు పట్టుకుని పైకి చూసి నవ్వాను. ఆపా చప్పట్లు కొట్టింది.

అవ్వ మాత్రం దుకాణదారు మీదికి పోయింది. ఇది చాలదు, ఇంకా పెట్టు అంది. ఎక్కిన మనిషి ఎంత తూగితే అంతే పద్ధతి అని అతను నచ్చజెప్పబోయాడు.

"నేను మొక్కిన్నాడు నా బిడ్డ నూట ఇరవై ఒకటి. తల్లికి తక్కువ జెయ్య," అంది అవ్వ.

ఆవిడతో వాదించి గెలిచిన వాళ్ళు లేరు. అతను తగ్గిన నలభై రెండు కిలోలు వేరే తూచి, నాలుగు పెద్ద దిమ్మలూ ఒక చిన్న ముక్కా నా పక్కన కింద పేర్చాడు. ఆ కుప్ప నా మోకాళ్ళ దాకా వచ్చింది. ఆటోలో మొదటి దిమ్మ తన చేతులతోనే పెడతానని అవ్వ వంగి ఒకటి ఎత్తింది. చంకకు ఆనించుకుని నాలుగడుగులు వేసింది. ఐదో అడుగుకు ఆగిపోయింది. మా ఆయన అందుకోబోతే వద్దని, దాన్ని దుకాణం మెట్టు మీద దించి, రొప్పుతూ నిలబడి, వెనక్కి తిరిగి ఆ కుప్ప వైపు చూసింది. ఇంకా మూడు పెద్దవి అక్కడే ఉన్నాయి, పైన ఆ ముక్క. డప్పు ఆగిపోయింది.

"గిదంత నీ మీద ఉండెనా బిడ్డా?" అంది.

ఉండె అన్నాను.

"గిది మోసుకుంటనే మిషన్ తొక్కినవా? గిది మోసుకుంటనే పొయ్యి కాడ నిలబడ్డవా?"

ఎవరికీ చెప్పుకోలేకపోయిన సంగతి అది. లావు అన్నారు, తిండిపోతు అన్నారు, బద్ధకం అన్నారు. మోసింది అని ఒక్కరూ అనలేదు. అవ్వ వచ్చి నా రెండు భుజాల మీదా చేతులేసి, దుమ్ము దులిపినట్టు కిందిదాకా తుడిచింది.

"నిన్ను సగం జేసిండ్రనుకున్న. కాదు. దించుకున్నవ్."

నడిరోడ్డు మీద, అంతమంది ముందు, నేను వెక్కి వెక్కి ఏడ్చాను. సిగ్గనిపించలేదు.

బెల్లమంతా ఆటోకెత్తి మా ఊరి దిక్కున్న గద్దెలకు తీసుకుపోయాం. అక్కడ ప్రసాదంగా చేతిలో పెట్టిన బెల్లం ముక్కను నేను కళ్ళకద్దుకుని అక్కకు ఇచ్చేస్తే, ఒక్క ముక్క నోట్లో వేసుకోమని అవ్వ అనలేదు. చెట్టు నీడన చాపలు పరిచి, కోడికూర వండుకుని, అందరం కింద కూర్చున్నాం. అవ్వే వడ్డించింది. నాకు చిన్న గిన్నెలో రెండు ముక్కలు, రెండు చెంచాల అన్నం పెట్టింది. నీళ్ళ చెంబు నాకు అందకుండా అవతల పెట్టింది. నేను నెమ్మదిగా నమిలి, గిన్నె కింద పెట్టాను. అలవాటు కొద్దీ నా కళ్ళు ఆవిడ చేతి మీదికి పోయాయి, ఇప్పుడు కడిగేసుకుంటుందని.

కడుక్కోలేదు. నా గిన్నె వైపు చూడను కూడా చూడలేదు. కంచం చివర ఉన్న మెతుకులన్నీ ఊడ్చి నోట్లో పెట్టుకుని, ఖాళీ కంచం నా ముందుకు జరిపింది.

"కూర బాగుంది. ఇంకో గరిటెడు పెట్టు బిడ్డా," అంది.